శాటిన్ మీద పడిన వెలుగు

సినిమా తారల పటములకును మన మగ్గమునకును సంబంధమేమని పాఠక సోదరులు అడుగవచ్చును. సంబంధము కలదు. నలుపు తెలుపుల పటములో రంగు లేదు. ఉన్నదెల్ల వెలుగు, నీడ, బట్ట. తార ముఖము తరువాత కంటికి ఆనునది ఆమె కట్టిన గుడ్డయే. దానిని నేసినదెవరో మాత్రము పటము వెనుక వ్రాసి యుండదు.

ఈ విద్యలో పేరెన్నికగన్నవాడు అమెరికాలోని హాలీవుడ్‌లో పనిచేసిన జార్జి హరెల్. 1904లో పుట్టి 1992లో గతించెను. మొదట చిత్రలేఖనము నేర్చినవాడు. 1929లో నార్మా షేరర్ అను నటి ఇతనిచేత పటములు తీయించుకొనెను. ఆమె భర్త ఇర్వింగ్ థాల్‌బర్గ్ మెట్రో గోల్డ్విన్ మేయర్ సంస్థలో చిత్రనిర్మాణమునకు పెద్ద. అయినను ‘ది డైవోర్సీ’ చిత్రములోని నాయిక పాత్రకు తన భార్య తగదని అతని తలంపు. హరెల్ తీసిన పటములు చూచిన పిమ్మట ఆ తలంపు మారెను. 1930లో చిత్రము వెలువడెను. ఆ నటనకు ఆమెకు అకాడమీ బహుమతియు వచ్చెను. ఇంటి మగవానిని ఒప్పించుటకు మాటలు చాలక పటము కావలసివచ్చినదన్నమాట! ఆ యేడే సంస్థ హరెల్‌ను కొలువులోనికి తీసికొనెను. 1932లో అతడు విడిపోయి సొంత స్టూడియో పెట్టుకొనెను.

అతని ఫిలిము ఎనిమిదంగుళముల వెడల్పు, పదియంగుళముల పొడవు. పొడవైన కడ్డీ చివర దీపమును వ్రేలాడదీసి, తార తలపై ఎక్కడ కావలెనన్న అక్కడికి త్రిప్పెడివాడు. జోన్ క్రాఫర్డ్ ముఖమున చిన్న చిన్న మచ్చలు మెండు. నెగెటివు మీద సన్నగా చెక్కిన పెన్సిలుతో ఆ మచ్చలను ఒక్కొక్కటిగా పూడ్చెడివారు. తెగిన పోగును జాడ తెలియకుండ అతుకువారికి ఆ ఓర్పు ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక శాటిన్ సంగతి. సాదా నేతలో పోగు ఒకదానిపైకి, ఒకదాని క్రిందికి పోవుచుండును. అడుగడుగున వెలుగు విరుగును. ఐదు పోగుల శాటిన్‌లో పడుగు పోగు నాలుగు పేకలపై తేలి, ఒక్కదాని క్రింద మునుగును. మునిగిన చోట్లు ప్రక్కప్రక్కన పడకుండ ఎడమెడముగా నుండును. అందుచేత వెలుగు ఎక్కడను తెగక నీటివలె జారును. దానికి తోడు గుడ్డను పడుగు వెంబడి గాక ఐమూలగా కత్తిరించిరి. అది సాగి ఒంటికి అంటుకొనెను. 1933 నాటి ‘డిన్నర్ ఎట్ ఎయిట్’ చిత్రములో ఏడ్రియన్ అను రూపకర్త జీన్ హార్లోకు తొడిగిన తెల్ల శాటిన్ ఇట్టిదే. ఆ తారల అందములో సగము ఈ నేతదేయని నేననుకొందును. పక్షపాతమనినను సరే.

నూలు కూడ తక్కువ తినలేదు. 1932లో ‘లెట్టీ లింటన్’ చిత్రమున జోన్ క్రాఫర్డ్ తొడిగినది భుజములపై కుచ్చులుబ్బిన తెల్లని ఆర్గండీ గౌను. గంజి పెట్టినట్లు బిరుసుగా నిలిచి, వెలుగును తనగుండ పోనిచ్చు పలుచని గుడ్డ. హరెల్ పటములు పత్రికలకెక్కెను. న్యూయార్కులోని మేసీ దుకాణము దాని నకళ్లను అమ్మెను. తరువాత కథ విషయమై వ్యాజ్యము నడచి, ఆ చిత్రము దశాబ్దముల తరబడి ప్రదర్శనకు దూరమయ్యెను. గౌను పటములు మాత్రము చేతులు మారుచునే వచ్చినవి.

నేడు మన కుటుంబములలో పలువురు చేతి ఫోనుతో చీర పటము తీసి కొనువారికి పంపుచున్నారు. నేనును మొన్న ఎదుటనుండి గట్టి దీపము వేసి ఒక బుటా చీరను తీసి పంపితిని. కొనదలచిన ఆమె “ఇది అచ్చు వేసినదా?” అని అడిగెను. ఇరువది దినముల పని! కోపమాపుకొని, చీరను కిటికీ ప్రక్కకు తెచ్చి, ఉదయపు వెలుగు ఏటవాలుగా సోకునట్లు పరచి మరల తీసితిని. బుటా దారము ఉబ్బెత్తుగా లేచెను. ప్రతి పేకకు తన నీడ తనకు వచ్చెను. ఈమారు ఆమె అచ్చు మాట ఎత్తలేదు. వెల యెంతయని అడిగెను.