ఇంజను ఆయిలు ప్రెషరు తగ్గినపుడు రైతు చేయవలసిన పనులు

కృష్ణా డెల్టాలో కాలువలకు నీరు వచ్చిన పిదప దమ్ములకు దొరకు రోజులు కొద్ది. నారు ముదరక ముందే నాట్లు పడవలెను. అట్టి సమయమున ట్రాక్టరు డాష్‌బోర్డుపై ఆయిలుడబ్బా గుర్తుగల ఎర్రదీపము వెలిగినచో, ఈ ఒక్క మడి పూర్తిచేసి చూతమని అనుకొనుట సహజము. కాని ఆ పది నిమిషముల పనికి క్రాంకుషాఫ్టే మూల్యము కావచ్చును. నాట్ల నడుమ బండి విజయవాడ ఆటోనగరు షెడ్డులో పడియుండు దుస్థితి రాకుండుటకు, ఈ దీపము ఏమి చెప్పుచున్నదో ప్రతి రైతు తెలిసికొనవలెను. కారుకును, లారీకిని ఇవే సూత్రములు వర్తించును.

ప్రెషరు ఎందులకు?

ఇంజను అడుగుననున్న ఛాంబరులోని ఆయిలును పంపు జల్లెడ ద్వారా పీల్చి, ఫిల్టరు గుండ బేరింగులకు నెట్టును. తిరుగుచున్న క్రాంకుషాఫ్టు నేరుగ బేరింగును తాకదు. వెండ్రుకకన్న పలుచని ఆయిలు పొరపై తేలుచుండును. ప్రెషరు పడిపోయినచో ఆ పొర చిరిగి, లోహము లోహమును రాచుకొనును. బేరింగు కరగి పట్టివేయుటకు ఎక్కువ సేపు పట్టదు. అనేక ఇంజనులలో పని వేగమున ప్రెషరు చదరపు సెంటీమీటరుకు 2 నుండి 4 కిలోల వరకు ఉండును. మీ బండితో ఇచ్చిన పుస్తకములోని అంకెయే మీకు ప్రమాణము.

దీపము వెలిగిన వెంటనే

పి.టి.ఓ. విడదీసి ఇంజను ఆపవలెను. గట్టువరకైనను నడపరాదు. బండి ఏటవాలుగ నున్నచో మరియొక ట్రాక్టరుతో సమమైన నేలకు లాగించుడు. ఆయిలు ఛాంబరులోనికి దిగుటకు పది నిమిషములు ఆగి, డిప్‌స్టిక్కు తీసి, తుడిచి, మరల పెట్టి చూడవలెను.

మట్టము క్రింది గీతకు దిగువనున్నచో అదే రకపు ఆయిలు పై గీత మించకుండ పోయవలెను. ఇంజను స్టార్టు చేసిన కొద్ది క్షణములలో దీపము ఆరవలెను. ఆరనిచో తిరిగి ఆపుడు. ఆరినను, తరిగిన ఆయిలు ఎటు పోయినదో వెదకవలెను. డ్రెయిను బోల్టు, ఫిల్టరు వాషరు ముందుగ చూడదగినవి. పాత వాషరు అంటుకొనియుండగ దానిపైనే క్రొత్తది బిగించిన కారణమున కారుట తరచు జరుగును.

ఆయిలును వ్రేళ్ళ నడుమ రుద్ది వాసన చూడుడు. మట్టము పెరిగి, పలుచనై, డీజిలు వాసన వచ్చినచో డీజిలు పంపునుండి గాని, ఇంజెక్టరునుండి గాని లోనికి కారుచున్నది. మజ్జిగవలె తెల్లబడినచో నీరు చేరినది. హెడ్ గాస్కెటు గాని, లైనరు రింగులు గాని చెడియుండును. లేదా బండి నీట మునిగియుండును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగరు ప్రాంతము మునిగినపుడు ఎన్నో బండ్లు నీటిలో నిలిచినవి. అట్లు మునిగిన ఇంజనును ఆయిలు, ఫిల్టర్లు మార్చి మెకానిక్కు చూచువరకు స్టార్టు చేయరాదు.

దీపము తీరునుబట్టి కారణము

గట్టు ఎక్కునపుడు, దమ్ము చక్రము ఒకవైపు దిగబడినపుడు మాత్రమే దీపము మినుకుమన్నచో ఆయిలు మట్టము తక్కువగ నున్నది. బండి వాలినపుడు జల్లెడ తేలి పంపు గాలిని పీల్చుచున్నదని గ్రహింపవలెను.

ఇంజను బాగుగ కాగిన పిదప, ఐడిలింగులో మాత్రమే వెలిగినచో ఆయిలు పలుచబడియుండును, లేదా బేరింగులు అరిగియుండును. అడుగునుండి దడదడ శబ్దము కూడ వచ్చినచో ఇక నడపరాదు.

మట్టము సరిగ నుండి, శబ్దమేమియు లేక, దీపము ఆరనిచో ప్రెషరు స్విచ్చు గాని, వైరు గాని చెడియుండవచ్చును. గడ్డివాముల దగ్గర నిలిపిన బండ్లకు ఎలుకలు వైర్లు కొరుకుట కద్దు. ఇంజను ఆపి, తాళము తిప్పి, స్విచ్చు వైరు ఊడదీయుడు. సాధారణ బండ్లలో దీపము ఆరవలెను. ఆరనిచో వైరు ఎక్కడనో బాడీకి తగులుచున్నది. ఆరినను స్విచ్చుదే దోషమని నిశ్చయింపరాదు. స్విచ్చు తీసి ఆ రంధ్రమున మెకానిక్కుచే వేరొక గేజి బిగింపించి ప్రెషరు కొలిపించుడు. గేజి సరియైన అంకె చూపినచో స్విచ్చు మార్చిన చాలును. తక్కువ చూపినచో ఛాంబరు దింపి జల్లెడలోని మడ్డిని, గాస్కెటు పేస్టు ముక్కలను, చెత్త పట్టి తెరచుకొనిపోయిన రిలీఫ్ వాల్వును, పంపును, చివరకు బేరింగులను వరుసగ చూపించవలెను.

చేయరాని పనులు

ముల్లు పైకి లేచుటకై చిక్కని ఆయిలు పోయుట, రిలీఫ్ వాల్వు స్ప్రింగు క్రింద వాషర్లు పెట్టుట రోగమును కప్పిపుచ్చుటయే గాని చికిత్స కాదు. దీపమునకు వైరు తీసివేసి నడుపుట అంతకన్న ప్రమాదము.

ముందు జాగ్రత్త

ప్రతి ఉదయము స్టార్టు చేయుటకు ముందు డిప్‌స్టిక్కు చూడవలెను. తాళము తిప్పగనే దీపము వెలుగుచున్నదా యని కూడ గమనింపుడు. వెలగనిచో ఆపద వేళ అది మిమ్ము హెచ్చరింపజాలదు. ఆయిలు మార్పును నెలలలో గాక గంటలలో లెక్కింపుడు. అనేక ట్రాక్టర్లకు 250 గంటలు గడువు. రోజునకు 10 గంటలు దమ్ముచేయు బండి 25 రోజులలోనే ఆ గడువు పూర్తిచేయును. ఆయిలు మార్చినపుడెల్ల ఫిల్టరు మార్చవలెను. తీసిన పాత ఆయిలును కాలువలో పోయక డబ్బాలో నిలువచేసి, పాత ఆయిలు సేకరించువారికి అప్పగింపుడు.

సార్వాకు నీరు వదలుటకు ముందే వేసవిలో ఒక దినము ఈ పరీక్షలకు కేటాయించినచో, నాట్లలో ఎన్నో దినములు మీకు మిగులును.