పరుగునకు బలమెక్కడిది?

నరసరావుపేట నుండి వినుకొండకు పోవు రైలుమార్గమున శావల్యాపురము కలదు. ఈ పల్నాటి సీమకు జొన్నకూడు తరతరాల తిండి. వరియన్నమునకు అలవాటుపడిన శ్రీనాథుడు ఇచ్చటి జొన్నకూటిని చాటువులలో ఎగతాళి చేసెనని చెప్పుదురు. మహాకవి పలుకు రసవంతమే. కాని ఆ కూటితోనే ఈ సీమవాసులు తరతరములుగా ఎండలో సేద్యము చేసిరి. 100 గ్రాముల జొన్నలలో సుమారు 70 గ్రాములు పిండిపదార్థము, 10 గ్రాములు మాంసకృత్తులు ఉండును.

తినిన కూడు కండబలముగా మారుటెట్లు? ఈ మర్మమును విప్పినవారిలో ఒక తెలుగువాడు ముఖ్యుడు. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరమున జన్మించి, పిదప అమెరికాకు వెళ్లెను. హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును, 1929లో ఏ.టి.పి. అను దానిని కండరములలో కనుగొనెను. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును ఏ.టి.పి.ని వేరుగా కనుగొనెను.

కండ ముడుచుకొనునప్పుడు ఖర్చగునది ఏ.టి.పి.యే. అది చేతిలోని చిల్లర వంటిది. రెండు మూడు సెకనులకే సరిపోవును. ఫాస్ఫోక్రియాటిన్ దానిని వెంటవెంటనే తిరిగి కూర్చును. అదియు సుమారు 10 సెకనుల మాటయే. అటుపిమ్మట గాదె తెరవవలయును. పిండిపదార్థము నుండి ఏర్పడి కండలో నిల్వయుండు గ్లైకోజెన్ ఆ గాదె. దీర్ఘమైన పనికి కొవ్వు కూడ తోడ్పడును. కావుననే ఉదయము మొదలు పస్తున్న బాలుడు చిన్న పరుగును ఎట్లో గెలువవచ్చును గాని, సాయంకాలపు కబడ్డీలో నీరసించును.

గాదెలో ధాన్యమున్నంత మాత్రమున చాలదు. దానిని పూర్తిగా వినియోగించుటకు ప్రాణవాయువు కావలయును. దానిని కండలకు మోసికొనిపోవునవి నెత్తుటిలోని ఎఱ్ఱకణములు. వాని నిర్మాణమునకు ఇనుము, ఫోలిక్ ఆమ్లము అవసరము. ఈ రెండవ దాని కథలోను సుబ్బారావే కలడు. ఆయన సోదరులు స్ప్రూ అను వ్యాధితో మరణించిరి. ఆయనయు దానిచే బాధపడెను. ఆ వ్యాధిలో ప్రేగులు పోషకములను గ్రహింపజాలవు, రక్తము క్షీణించును. 1945లో లెడర్లీ పరిశోధనాలయమున ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయగా, ఆ రోగులకు అది ఔషధమయ్యెను. మూడేండ్లకే, 1948లో, ఆయన కన్నుమూసెను.

మందుసీసాలో వెలసిన ఆ ఫోలిక్ ఆమ్లము తోటకూరలోను, కందిపప్పులోను సహజముగనే ఉన్నది. ఆకుకూరను మితిమీరి ఉడికించి నీటిని పారబోసినచో చాలవఱకు నష్టమగును. జొన్నలలో ఇనుమున్నను శరీరమునకు దక్కునది స్వల్పము. భోజనమున నిమ్మరసము చేరినచో మరికొంత దక్కును. తినిన వెంటనే టీ త్రాగినచో తగ్గును.

ఎదుగుచున్న బాలికలకు ఇనుము మరింత అవసరము. అందఱు తినిన పిదప మిగిలినది తినుట ఆడపిల్లలకు అలవాటైన ఇండ్లలో ఈ కొరత ముందుగా వారినే పట్టును. అట్టి బాలిక నాలుగడుగులు పరుగెత్తగనే ఆయాసపడును. చూచువారు సోమరి యందురు, అది అన్యాయము. ఎఱ్ఱకణము ఆయుర్దాయము సుమారు 120 దినములు. పాతవి పోవుచుండగా క్రొత్తవి ఏర్పడవలయును. కావున మంచి తిండి పెట్టసాగినను ఆమె ఆయాసము తీరుటకు కొన్ని వారములు, రక్తము పూర్తిగా పుంజుకొనుటకు నెలలు పట్టును.