వాలు ఉలి మాట వినేదాకా

టప్పుమని శబ్దం. అప్పటిదాకా నున్నగా వస్తున్న మంచం కోడు చుట్టూ మరచుట్టులాంటి లోతైన గాడి పడింది. అమలాపురం దగ్గర ఓ వడ్రంగి కొట్టంలో నా మొదటి పాఠం అదే. మేస్త్రి తిట్టలేదు. “ఆయ్, పీకేసిందండి. తొయ్యకూడదు బాబుగారూ, ముందు కూర్చోబెట్టాలి” అన్నాడు.

నా చేతిలో ఉన్నది వాలు ఉలి. బల్లపరుపు ఉక్కుపట్టీకి రెండు వైపులా వాలు చెక్కి, అంచును అడ్డంగా కాక ఏటవాలుగా సానపడతారు. దాంతో ఒక కొస పొడుగ్గా, రెండోది పొట్టిగా మిగులుతుంది. పొడుగు కొసతో గాడి గీయొచ్చు, పొట్టి కొసతో పూస దించొచ్చు, మధ్య అంచుతో చిత్రిక పట్టొచ్చు. ఇన్ని పనులు చేసే ఉలి ఇంకోటి లేదు, ఇంత పెంకిదీ లేదు.

ఆ పెంకితనానికి కారణముంది. ఆరు సెంటీమీటర్ల మందం కోడు నిమిషానికి 1500 చుట్లు తిరిగితే, దాని అంచు సెకనుకు దాదాపు 4.7 మీటర్లు పరిగెడుతుంది. పదును వెనకున్న వాలు చెక్కమీద ఆనుకుని ఉన్నంతసేపూ, లోతుకు పోకుండా ఆ వాలే అడ్డుపడుతుంది. ఆ ఆసరా లేకుండా పొడుగు కొస తగిలిందా, చెక్క దాన్ని లాగేసుకుని పక్కకు ఈడ్చుకుపోతుంది. నా కోడుకు పట్టిన గతి అదే.

ఇలా చెక్కను తిప్పే యంత్రం లేతు; దాన్ని మనవాళ్లు తరిమెన అన్నారు. ఈజిప్టులో క్రీ.పూ. 300 ప్రాంతపు పెటోసిరిస్ సమాధి గోడమీద దాని బొమ్మ ఉంది: ఒకడు పట్టీ లాగుతుంటే ఇంకొకడు చెక్కుతున్నాడు. తాడుతో లాగే తరిమెనలో చెక్క ఓసారి ముందుకు, ఓసారి వెనక్కి తిరుగుతుంది. ముందుకు తిరిగినప్పుడే కోత, వెనక్కి తిరిగినప్పుడు ఉలి తప్పించాలి. అంటే సగం కాలం దండగ! కాలితో తొక్కితే బరువుచక్రం ఒకేవైపు తిరిగే లేతును 15వ శతాబ్దం చివర్లో లియొనార్డో డావిన్చీ గీశాడు. తర్వాత ఆవిరి, కరెంటు మోటారు వచ్చాయి. వేగం పెరిగింది, తప్పు చేస్తే దిద్దుకునే వ్యవధి తగ్గింది.

ఉలి ఆకారం మాత్రం పెద్దగా మారలేదు, ఉక్కు మారింది. పాత ఉక్కు సానమీద నీలంరంగు తిరిగితే పదును నిలవదు. అమెరికాలో టేలర్, వైట్ అనే ఇద్దరు తయారుచేసిన హైస్పీడ్ స్టీలును 1900లో పారిస్ ప్రదర్శనలో చూపించారు. అది మొన ఎర్రగా కాలుతున్నా కోస్తుంది.

మన రాష్ట్రంలో తరిమెన పనికి పేరు వరాహనది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకది. అంకుడు కర్ర తిరుగుతుండగా లక్క కడ్డీ నొక్కితే, రాపిడి వేడికే కరిగి రంగు పట్టేస్తుంది. తర్వాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. మొగలిపొదలకు మా కోనసీమలో కరువా? ఆ ఆకుకు ఇలాంటి పనొకటి ఉందని నాకే తెలీదు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

మేస్త్రి నా చెయ్యి పట్టుకుని మళ్లీ మొదలెట్టించాడు. ఉలి ఇనపకమ్మీ మీద ఆనింది. వాలు చెక్కమీద కూర్చుంది, ఇంకా కొయ్యట్లేదు. పిడి రవ్వంత ఎత్తాను. సన్నటి పొట్టు రిబ్బనులా లేచి మణికట్టుకు చుట్టుకుంది. కోడు ఆగాక వేలితో రాసి చూశాను. ఉప్పు కాగితం కోసం చెయ్యి చాస్తే, “దాంతో పనేంటండీ?” అంటూ మేస్త్రి దాన్ని అవతల పెట్టేశాడు.