ఎస్.ఎం.పి.ఎస్. – వినియోగదారుని హక్కు

గోడ ప్లగ్గులోని 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చి కంప్యూటరుకు అందించే పెట్టెయే ఎస్.ఎం.పి.ఎస్. కోడుమూరు వంటి మెట్ట ప్రాంతాలలో ఎండవేడిమి, దుమ్ము దీనికి శత్రువులు. దుమ్ము పేరుకొని గాలి ఆడకపోతే వేడికి కెపాసిటర్లు త్వరగా క్షీణిస్తాయి.

మీట నొక్కినా కంప్యూటరులో చలనం లేకపోతే ముందుగా అదే ప్లగ్గులో మరొక సాధనం పనిచేస్తుందేమో చూడాలి. పిదప విద్యుత్ తీగను మార్చాలి. చివరగా తెలిసినవారి చేత మంచి ఎస్.ఎం.పి.ఎస్.ను అమర్చించాలి. దానితో కంప్యూటరు నడిస్తే దోషం పాతదానిదే. ఆ పెట్టెను మాత్రం విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది. పైగా, సీలు చెదిరిందని వారంటీని నిరాకరించవచ్చు.

వారంటీ గడువులోపల రశీదుతో విక్రేతనుగాని, సేవాకేంద్రాన్నిగాని ఆశ్రయించి, ఫిర్యాదు అందినట్లు రాతపూర్వకంగా తీసుకోవాలి. ఫలితం లేకపోతే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేసే హక్కు కొనుగోలుదారునికి ఉంది. వస్తువును హైదరాబాదులో కొన్నప్పటికీ, కోడుమూరువాసి రెండేళ్లలోపు కర్నూలులోని జిల్లా వినియోగదారుల కమిషనును ఆశ్రయించవచ్చు. అందుకు ఆధారం రశీదు. కనుక దానిని పదిలపరచుకోవాలి.