చలికాలపు వేకువ – ఊరిపై నిలిచిన పొగ

కె.కోటపాడు, చోడవరము ప్రాంతములలో బెల్లము వండు ఊళ్ళవారికి జనవరి నెల వేకువజామున ఒక దృశ్యము పరిచితమే. బెల్లపు పొయ్యినుండి లేచిన పొగ కొంత ఎత్తు పోయి, అచట ఏదో కప్పు తగిలినట్లు ఆగి, అడ్డముగా పరచుకొని తాటిచెట్ల తలల నడుమ వ్రేలాడుచుండును. అదే పొయ్యి, అదే చెఱకు పిప్పి. మధ్యాహ్నము రెండు గంటలకు చూచినచో ఆ పొగ పైకి లేచి గాలిలో కలిసి కనుమరుగగును. భేదము పొగలో లేదు, గాలిలో ఉన్నది. పొయ్యి ఎచట కట్టవలెను, చెత్తను ఏమి చేయవలెను అను తగవులు తుదకు పంచాయతీ ముందునకే వచ్చును గనుక, ఈ భేదమునకు కారణమును సభ్యులు ఎఱిగియుండుట మంచిదని మేము తలంచుచున్నాము.

సాధారణముగా నేలకు దగ్గరి గాలి వెచ్చగను, పైకి పోయినకొలది చల్లగను ఉండును. కిలోమీటరు ఎత్తునకు సుమారు 6.5 డిగ్రీల సెంటీగ్రేడు చొప్పున వేడిమి తగ్గును. వెచ్చని గాలి తేలిక గనుక పైకి లేచుచు, తనతోబాటు పొగను, ధూళిని కొనిపోవును. చలికాలపు రాత్రి మబ్బులేక, గాలి కదలక ఉన్నప్పుడు ఈ క్రమము తలక్రిందులగును. నేల తన వేడిమిని ఆకాశమునకు విడిచి చల్లబడును. దానినంటియున్న గాలియు చల్లబడి బరువెక్కును. ఆపైనున్న వెచ్చని గాలి కుండపై మూతవలె నిలిచిపోవును. శాస్త్రజ్ఞులు దీనిని ఉష్ణోగ్రతా విలోమమందురు.

కొండల నడుమ ఈ మూత మరింత బిగువు. వాలులపై చల్లబడిన గాలి నీటివలె జారి పల్లమునకు చేరును. పాడేరు చెంతనున్న వంజంగి కొండపై సూర్యోదయమును చూడబోయినవారు క్రింది లోయలో పాలసముద్రమువలె పరచుకొన్న మంచును చూచి మురిసిపోవుదురు. అది ఇట్టి మూతక్రింద చిక్కిన మంచే. ఆ మంచుకు బదులు పొగ చిక్కినచో లోయలోనివారికి అది వేడుక కాజాలదు.

విశాఖపట్నము సంగతి చూడుడు. ఉత్తరమున కైలాస కొండలు, దక్షిణమున యారాడ కొండలు, తూర్పున సముద్రము. నడుమ పళ్ళెమువంటి పల్లము. ఓడరేవు, 1957లో నెలకొన్న చమురుశుద్ధి కర్మాగారము, అటుపిమ్మట ఎరువుల కర్మాగారము ఆ పల్లముననే వెలసినవి. పగలు సముద్రపు గాలి లోనికి వీచును. రాత్రి నేలగాలి సముద్రమువైపు మరలును. ఒకటి ఆగి వేరొకటి మొదలగు వేళ గాలి కొంతసేపు స్తంభించును. నైరృతి ఋతుపవనములు పట్టణపు గాలిని కడుగును, చలికాలమున మరల ధూళి హెచ్చును. 2019లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన జాతీయ పరిశుద్ధ వాయు కార్యక్రమమున ఈ నగరమును చేర్చవలసివచ్చినది.

కె.కోటపాడు అట్టి పళ్ళెములో లేదు. 2022 నుండి అనకాపల్లి జిల్లాలోనిదైన ఈ మండలము తూర్పు కనుమలకును సముద్రమునకును నడుమనున్నది. అయినను మూత పడుటకు కొండలే కావలెనని లేదు, నిర్మలమైన చలిరాత్రి చాలును. మన పొగ పనులన్నియు ఆ కాలముననే గదా! చెఱకు నరకుట, బెల్లము వండుట, తోటలో ఎండుటాకు కాల్చుట, భోగిమంట. (భోగిమంట మానుడని మేము చెప్పబోము. అందులో పాత టైర్లు, ప్లాస్టికు వేయకున్న చాలును.) పొగలోని అతిసూక్ష్మ రేణువులు 2.5 మైక్రానులకు మించవు. అనగా తలవెండ్రుక మందములో సుమారు ముప్పదవ వంతు. అవి ఊపిరితిత్తుల లోతులకు పోవును. ఘనమీటరు గాలిలో ఇవి ఒక దినపు సగటున 60 మైక్రోగ్రాములకు మించరాదని 2009 నాటి జాతీయ ప్రమాణము. వేకువనే పొయ్యిచెంత నిలుచు కూలీలు, ఉబ్బసమున్న వృద్ధులు, పసిపిల్లలు మొదట బాధపడుదురు.

బెల్లపు వంట రైతు జీవనాధారము, దానిని ఆపుమనుట న్యాయము కాదు. ఎండుటాకును కాల్చుట మాత్రము కేవలము నష్టము. అనకాపల్లిలో 1913 నుండి చెఱకుపై పరిశోధన సాగుచున్నది. చెఱకు నాటిన పిమ్మట ఎకరమునకు సుమారు 1.25 టన్నుల ఎండుటాకును సాళ్ళలో పరచుడని అచటివారి సలహా. నేలలో తేమ నిలుచును, పీకపురుగు తగ్గును. పొయ్యిలో పిప్పిని బాగుగా ఎండబెట్టి వాడినచో పొగ సగము బాధ తీరును. పచ్చిపిప్పియే ఎక్కువ పొగ.

ఇక స్థలము మాట. ఈ సీమలో చలిరాత్రులందు గాలి మెల్లగా వాయవ్యమునున్న కనుమల వైపునుండి సముద్రము వైపునకు జారును గనుక, ఊరికి వాయవ్యమున కట్టిన పొయ్యి పొగ ఇండ్లమీదికి వచ్చును. ఊరి ప్రక్కన గుట్ట ఉన్నచో ఈ దారి మారవచ్చును. కాబట్టి డిసెంబరు నెలలో ఒక వారము పాటు వేకువ అయిదు గంటలకు సభ్యులెవరైన ఊరి నాలుగు దిక్కుల నిలిచి, పొగ ఎటు వాలుచున్నదో వ్రాసి పంచాయతీ కార్యాలయమున ఉంచవలెను. మరుసటి యేడు క్రొత్త పొయ్యికి స్థలమడుగ వచ్చిన రైతుకు ఆ కాగితము చూపి మాటలాడవచ్చును.