రోటవేటర్ షాఫ్టుకు ‘గట్టి’ బోల్టు వేయొద్దు

దమ్ము జోరుగా సాగుతుండగా టప్పుమని చప్పుడొస్తుంది. ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది గానీ రోటవేటర్ ఆగిపోతుంది. దిగి చూస్తే షాఫ్టు యోకు దగ్గర షియర్ బోల్టు తెగి ఉంటుంది. ఒకే పూటలో రెండుసార్లు ఇలా జరిగితే ఎవరికైనా చిర్రెత్తుకొస్తుంది. అవతల నారు ముదిరిపోతోందాయె! దాంతో టౌనుకెళ్లి దొరికిన వాటిలోకెల్లా గట్టి బోల్టు తెచ్చి బిగిస్తారు. కొందరైతే ఆ బెజ్జంలో ఇనుప కడ్డీ దిగ్గొట్టి వెల్డింగ్ పెట్టిస్తారు. ఆ తర్వాత బోల్టు తెగదు, నిజమే. గేరుబాక్సు పోతుంది.

అసలు ఆ బోల్టు పెట్టిందే తెగడానికి. ఇంట్లో కరెంటు ఫ్యూజు ఎలాంటిదో ఇదీ అలాంటిదే. పి.టి.ఓ. నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు 9 చుట్లు తిరుగుతుంది. ఆ ఊపులో బ్లేడుకు రాయో, మోడో అడ్డుపడితే దెబ్బ ఎక్కడో ఒకచోట పడాలి. బోల్టు తెగితే అక్కడితో సరి. తెగకపోతే షాఫ్టు క్రాసు విరగొచ్చు, రోటవేటర్ గేరు పళ్లు ఊడొచ్చు, ట్రాక్టర్ లోపలి పి.టి.ఓ. గేర్లూ దెబ్బతినొచ్చు. సీజన్ మధ్యలో ట్రాక్టర్ విప్పితే ఎంత ఖర్చో, ఎంత అదను పోతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

మరి ఏ బోల్టు వేయాలి? బోల్టు తలపై 4.6, 8.8, 10.9 అని అంకెలుంటాయి. 8.8 బోల్టు బలం 4.6 బోల్టుకు రెట్టింపు. లావు పెరిగినా బలం పెరుగుతుంది. 8 మి.మీ. బదులు 10 మి.మీ. వేస్తే ఒకటిన్నర రెట్లవుతుంది. కంపెనీ పుస్తకంలో ఏ లావు, ఏ నంబరు ఉంటే అదే కొనండి. అంకెలే లేని బోల్టు ఎంత బరువు ఆపుతుందో అమ్మేవాడికీ తెలియదు. అరడజను కొని, స్పానరుతో సహా టూల్‌బాక్సులో పడేసుకుంటే పొలంలోనే పది నిమిషాల పని.

మాటిమాటికీ తెగుతోందంటే కారణం వేరే ఉందన్నమాట. బెజ్జం అరిగి కోలగా సాగిందేమో, నట్టు వదులైందేమో చూడండి. రోటవేటర్‌ను మట్టిలో దించి క్లచ్ వదలడం మనవాళ్లకు అలవాటు. అది మానుకోవాలి. పైన ఉండగానే తిప్పడం మొదలుపెట్టి, మెల్లగా దించాలి. గట్టు దగ్గర మలుపులో బాగా పైకెత్తేటప్పుడు పి.టి.ఓ. ఆపేయాలి. షాఫ్టు ఎక్కువ వంపులో తిరిగితే క్రాసుకే దెబ్బ.

కొన్ని షాఫ్టులకు బోల్టు బదులు స్ప్రింగులతో బిగించిన క్లచ్ ప్లేట్లుంటాయి. వానాకాలమంతా వాడక పడి ఉంటే ఆ ప్లేట్లు తుప్పుపట్టి అతుక్కుపోతాయి. పని మొదలెట్టేముందు స్ప్రింగులు వదులు చేసి, ప్లేట్లు జారుతున్నాయో లేదో చూసి, పుస్తకంలో చెప్పినంతే బిగించండి.

బలం పెంచాల్సిన చోటు క్రాసు. ఖరీదు ఎక్కువైనా మంచి రకమే వేయించండి. దమ్ములో బురదనీరు లోపలికి దూరుతుంది కాబట్టి 8 గంటలకోసారి గ్రీజు కొట్టాలి. ఒకదానిలోకి ఒకటి జారే గొట్టాలకూ గ్రీజు రాయాలి. ఆ గొట్టాలు కనీసం మూడో వంతు పొడవు ఒకదానిలో ఒకటి ఉండాలి. షాఫ్టు విప్పి మళ్లీ బిగించేటప్పుడు లోపలి వైపు యోకులు రెండూ ఒకే వరసలోకి రావాలి. లేదంటే గడగడలాడుతూ తిరిగి, క్రాసులు త్వరగా అరిగిపోతాయి. ప్లాస్టిక్ గార్డు పగిలితే వెంటనే కొత్తది వేయించండి. సెకనుకు 9 చుట్లు తిరిగే షాఫ్టుకు లుంగీ చెంగో, చీర కొంగో చిక్కితే కేక వేసే వ్యవధి కూడా ఉండదు. అద్దె ట్రాక్టర్‌ను పిలిచినా సరే, గార్డు ఉందో లేదో చూసే పొలంలోకి దించండి.

ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టర్ ఉన్నవారికి ఇంకో మాట. ఈ బండ్లలో ముందు చక్రాలు వెనక వాటికన్నా ఒక పిసరు వేగంగా నడిచేలా చేస్తారు. బురదలో ఆ తేడా జారుడులో పోతుంది. తారురోడ్డుపై జారే వీల్లేక షాఫ్టులు, గేర్లు మెలిపడినట్లు బిగుసుకుంటాయి. రోడ్డెక్కేముందే ముందు డ్రైవ్ తీసేయాలి. టైర్లు మార్చేటప్పుడూ సైజు తేడా వస్తే ఇదే ఇబ్బంది. కొనడానికి వెళ్లేముందు పాత టైరు మీది అంకెలు కాగితం మీద రాసుకెళ్లండి.