మంచి నాణేన్ని తిప్పికొట్టని యంత్రమే నమ్మకమైనది

అమెరికాలోని సెల్ఫ్ సర్వీస్ కార్ వాష్‌లలో చాలాచోట్ల పనివాళ్లు ఉండరు. ఎవరి కారు వాళ్లే కడుక్కుని, పక్కనే ఉన్న వ్యాక్యూమ్ దగ్గర ఆపి, నాలుగైదు క్వార్టర్లు వేసి, సీట్ల కింద దుమ్ము లాగేసుకుని వెళ్లిపోతారు. క్వార్టర్ అంటే 25 సెంట్ల బిళ్ళ. అక్కడ కారు నడిపే తెలుగువాళ్లకు ఇది పరిచయమే. ఈ మొత్తం వ్యవహారంలో దుకాణదారు పాత్ర పోషించేది వ్యాక్యూమ్ డబ్బా లోపలుండే కాయిన్ యాక్సెప్టర్ అనే చిన్న పరికరం. వేసింది అసలు నాణెమేనని అది తేల్చి టైమర్‌కు సంకేతం పంపితేనే మోటారు తిరుగుతుంది. దీన్ని కొనేవాళ్లకు ముందుగా తోచే ప్రశ్న, దొంగ బిళ్ళల్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందనేది. అంతకంటే ముందు అడగాల్సింది, మంచి నాణేన్ని ఎంత అరుదుగా తిప్పికొడుతుందని. నమ్మకానికి అసలు కొలత అదేనని నా వాదన.

నాణెం మీద ఎవరి బొమ్మ ఉందో యంత్రానికి అక్కర్లేదు. అందుకే 1999 నుంచి 2008 దాకా ఒక్కో రాష్ట్రం పేరిట 50 రకాల క్వార్టర్లు వచ్చినా యంత్రాలను మార్చాల్సిన అవసరం రాలేదు. వాటికి కావలసినవి కొలతలు, లోహం. వ్యాసం 24.26 మిల్లీమీటర్లు, మందం 1.75 మిల్లీమీటర్లు, బరువు 5.67 గ్రాములు. ఒకప్పుడు ఈ నాణెంలో 90 శాతం వెండి ఉండేది. 1965లో చట్టం చేసి వెండిని తీసేయాలనుకున్నప్పుడు, దేశమంతా ఉన్న నాణేల యంత్రాలు కొత్త బిళ్ళను ఒప్పుకుంటాయా అన్నది అమెరికా ప్రభుత్వానికి పెద్ద చిక్కయింది. చివరికి మధ్యలో రాగి, అటూ ఇటూ రాగి-నికెల్ మిశ్రమం పొరలుగా కొత్త నాణెం తయారైంది. విద్యుత్ లక్షణాల్లో వెండి నాణేనికి దగ్గరగా ఉండటమే ఆ ఎంపికకు ఒక ముఖ్య కారణం. యంత్రానికి పనికొచ్చేలా డబ్బును తయారుచేసుకోవడమంటే ఇదే. మన దగ్గర అంత శ్రద్ధ కనిపించదు. 1992లో వచ్చిన స్టీలు రూపాయి బిళ్ళ వ్యాసం 25 మిల్లీమీటర్లు, 2011లో వచ్చిన స్టీలు రెండు రూపాయల బిళ్ళ వ్యాసమూ 25 మిల్లీమీటర్లే. కొలతల్ని, లోహాన్ని చూసే యంత్రం ఈ రెండింటినీ ఎలా వేరుచేయాలి?

క్వార్టర్ విషయంలో ఆ బాధ లేదు కాబట్టి, మిగిలిందల్లా యంత్రం పనిచేసే చోటును అర్థం చేసుకోవడమే. శీతల పానీయాల యంత్రం నీడపట్టున ఉంటుంది. వ్యాక్యూమ్ అలా కాదు. వాననీళ్లు, ఎండ, చలి, పక్కన కార్లు కడిగే చోటు నుంచి ఎగిరొచ్చే సబ్బునీటి తుంపర, గొట్టం చుట్టూ రేగే దుమ్ము, పైపెచ్చు మోటారు అదురు, అన్నీ దాని మీదే పడతాయి. ఇక నాణేలు వచ్చేది కారులోని కప్పు అరల నుంచి. ఒలికిన కూల్‌డ్రింక్ అంటుకుని జిగటగా ఉంటాయి. ఇలాంటి చోట ఎలక్ట్రానిక్ యాక్సెప్టర్లలో ఒక రకం ఎలా పనిచేస్తుందో దగ్గరగా చూడండి. రెండు తీగచుట్టల మధ్య ఒక నమూనా నాణేన్ని బిగించి ఉంచుతారు. పైనుంచి పడే ప్రతి బిళ్ళనూ యంత్రం దానితో పోల్చి చూస్తుంది. సూత్రం చక్కనిదే. కానీ మోటారు అదురుకు నమూనా నాణెం కాస్త జరిగినా, తీగచుట్ట మీద తడి దుమ్ము పేరుకున్నా పోలిక కుదరదు. అసలు నాణేలే కింది గిన్నెలోకి టక్కున వచ్చి పడుతుంటాయి. దీనికి భిన్నంగా, కరెంటుతో పని లేకుండా కేవలం వ్యాసాన్ని బట్టి నాణేన్ని జారవిడిచే యాంత్రిక రకాలున్నాయి. చిన్న బిళ్ళ పక్క సందులోంచి జారి బయటపడుతుంది, సరైనది నేరుగా దిగి స్విచ్ తీగను నొక్కుతుంది. కదిలే భాగాలు తక్కువ, తెరిచి తుడవడం తేలిక. ఆరుబయటి వ్యాక్యూమ్‌కు ఇలాంటి సాదా పరికరమే మేలని నా అభిప్రాయం.

అంత సాదా యంత్రాన్ని మోసం చేయడమూ తేలికే కదా అంటారు. నిజమే, క్వార్టర్ వ్యాసంతో కోసిన బిళ్ళ దాన్ని దాటిపోవచ్చు. అయితే లెక్క వేయండి. ఒక దొంగ బిళ్ళ వల్ల పోయేది 25 సెంట్ల విలువైన గాలి. మంచి నాణెం తిరిగొస్తే ఆ బేరం మొత్తం పోతుంది, నాణెం ఇరుక్కుపోతే యజమాని వచ్చి తీసేదాకా ఆ వ్యాక్యూమే మూతపడుతుంది. పనివాడు లేని చోట శనివారం ఉదయం ఇరుక్కున్న నాణెం సోమవారం దాకా అక్కడే ఉండొచ్చు. పైగా కోపం వచ్చిన మనిషి మళ్లీ రాడు. కెనడా సరిహద్దు దగ్గరి ఊళ్లలో మాత్రం జాగ్రత్త అవసరం. వాళ్ల క్వార్టర్ వ్యాసం 23.88 మిల్లీమీటర్లు, అమెరికా బిళ్ళతో తేడా అర మిల్లీమీటరు కూడా లేదు. కానీ 2000 నుంచి అది ఉక్కు మీద పూతతో వస్తోంది, అయస్కాంతానికి అంటుకుంటుంది. దారిలో అయస్కాంతం ఉన్న యాక్సెప్టర్ తీసుకుంటే చాలు, దానికోసం ఖరీదైన ఎలక్ట్రానిక్ పరికరం అక్కర్లేదు. నకిలీ టోకెన్లు గుట్టలుగా పడుతున్న చోటయితే నా మాట వర్తించదు, అక్కడ లోహాన్ని పరీక్షించే రకమే పెట్టాలి.

ఇంకా నాణేలేమిటి, కార్డు చాలదా అన్నది రెండో అభ్యంతరం. 2020లో కొవిడ్ వేళ చిల్లరకు కరువొచ్చి, బ్యాంకులకిచ్చే నాణేలపై ఫెడరల్ రిజర్వ్ పరిమితి పెట్టిన మాట నిజమే. కాబట్టి పక్కన కార్డు రీడర్ ఉండటం మంచిదే. కానీ కార్డు చెల్లింపు రుసుములో ప్రతి లావాదేవీకీ ఒక స్థిర భాగం ఉంటే, డాలరు, రెండు డాలర్ల బేరానికి అది బరువే. నెట్‌వర్క్ పోయిన రోజున నాణెమొక్కటే దిక్కు.

అందుకే కొనబోయే పరికరాన్ని కొత్త మెరిసే నాణేలతో పరీక్షించకండి. అరిగిన, జిగటంటిన పాత క్వార్టర్లు గుప్పెడు తీసుకుని, మోటారు నడుస్తుండగా, కాస్త నీళ్లు చల్లి మరీ వేసి చూడండి. పనిముట్లు లేకుండా తెరిచి తుడవగలరో లేదో, విడి భాగాలు విడిగా దొరుకుతాయో లేదో అమ్మేవాణ్ణి అడగండి. తిరిగొచ్చిన ప్రతి మంచి నాణేన్నీ నష్టం కింద రాసుకోండి.